చాలినంత సేపు

మొన్న మదనపల్లె నుంచి పుంగనూరుకు వస్తుంటే డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. నెత్తిమీద సామాన్లు పెట్టే చోటున్న గోనెసంచిలోంచి ఒక తోతాపురి మామిడికాయ జారింది. సరిగ్గా దాని కింద నేను కూర్చుని ఉన్నాను. నన్ను అడక్కుండానే నా చేతులు పైకి లేచాయి. కాయ వచ్చి రెండు అరచేతుల మధ్య ఆగింది. జీవితంలో నేను పట్టిన వస్తువులు బహు తక్కువ. పెళ్లిలో తలంబ్రాల పళ్లెం కూడా జారవిడిచానని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకు చెబుతూ ఉంటుంది. అందుకని ఆ కాయను ఛాతీకి హత్తుకుని, ఎవరైనా విజిల్ వేస్తారేమోనని బస్సంతా కలయజూశాను.

"బాగా పట్టినావు సార్. ఇంక ఇయ్యి, అది మాది," అంది వెనక సీట్లో ఆమె.

ఇచ్చేశాను. విజిల్ వేయాల్సిన మనిషి ఈ ఏడు మామిడి పూత రాకముందే కుప్పంలో పోయాడు.

ఆయన పేరు చెప్పను. చెప్పినా మా పక్క ఎవరూ గుర్తుపట్టరు. డ్రిల్లు సార్ అంటే మాత్రం టీకొట్టువాడు కూడా చెబుతాడు. పుట్టింది కుప్పం, ఉద్యోగమంతా మదనపల్లెలో. పొట్టి మనిషి, ముందుకు కాస్త బొజ్జ, కాళ్లకు ఎప్పుడూ తెల్ల కాన్వాసు బూట్లు. మెడలో ఎర్రదారానికి కట్టిన విజిల్. రిటైరైనా అది తియ్యలేదు. పెళ్లికి వచ్చినా, చావుకు వచ్చినా అది చొక్కా మీద వేలాడుతూనే ఉండేది. దాన్ని నోట్లో ఒక పక్కకు తోసి పెట్టుకునే మాట్లాడేవాడు. అందువల్ల ప్రతి మాట వెనకా సన్నటి ఈల ఒకటి వచ్చేది. ఆలోచిస్తున్నప్పుడు మాట ఉండదు, ఈల ఒక్కటే ఉంటుంది. ఆ ఈల వినబడుతోందంటే తీర్పు ఇంకా రాలేదని అర్థం. అది ఆగిందంటే ఇక బ్రహ్మదేవుడు వచ్చినా మార్చలేడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఒకసారి బెంగుళూరులో ఏదో శిక్షణకు వెళ్లి, ఈ మనిషి ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ అనే ఆటను మా నెత్తిమీదికి తెచ్చాడు. దానికొక కారణం ఉంది. కబడ్డీలో, వాలీబాల్‌లో రాష్ట్ర స్థాయికి పోవాలంటే పోటీ ఎక్కువ. పుట్టిన ప్రతివాడూ కబడ్డీ ఆడతాడు. ఎవరికీ తెలియని ఆట అయితే జట్టులో చేరినవాడే ఆటగాడు, రాష్ట్రానికి పోయినవాడికి సర్టిఫికెట్టు, సర్టిఫికెట్టు ఉన్నవాడికి ఉద్యోగంలో స్పోర్ట్స్ కోటా. అప్పుడు నేను మదనపల్లెలో డిగ్రీ ఆఖరు సంవత్సరం. మాది సదుం దగ్గర పల్లె, టమోటా సేద్యం. మా నాయన విషయం తేల్చి చెప్పేశాడు.

"సర్టిఫికెట్టు తెస్తివా, సరి. తేకపోతే టమోటాకి కట్టెలు నాటే పని ఉండనే ఉండాది."

నాకు ఆటలు రావు. పరుగెత్తితే ఆయాసం, ఆగితే నిద్ర. ఆ సంగతి డ్రిల్లు సారుకు ముందే చెప్పుకున్నాను.

"నీకి రాదని నాకి తెలుసప్పా," అన్నాడాయన. "పొడుగుండావు, అది సాలు. కొబ్బరిసెట్టు యాడైనా ఆట నేర్సుకునిందా? కాయ పైనే ఉంటాది."

అలా నన్ను గోలు దగ్గర నిలబెట్టారు.

పుంగనూరు బయట చెనిక్కాయలు పీకేసిన చేను ఒకటి దొరికింది మాకు. ఈ ఆటకు మైదానం కోడిగుడ్డు ఆకారంలో ఉండాలట. సారే సున్నం పోసి గీశాడు. అది చివరికి వంకాయలాగా వచ్చింది. గోలుకు నిలబెట్టిన నీలగిరి కట్టెలు గాలికి ఊగేవి. బంతి ఒకటే. దానికి గుండ్రటి బంతిలాగా బుద్ధిగా ఎగరడం రాదు, రెండు కొసలూ సన్నం. మొదటిరోజే దానికి తోతాపురి అని పేరుపెట్టేశాం.

ఈ ఆటకు ప్రాణం మార్కు. ఒకడు తన్నిన బంతి పదిహేను మీటర్లైనా గాల్లో వచ్చి, నేలకు తగలకుండా నీ చేతుల్లో పడితే మార్కు. అప్పుడు అంపైరు విజిల్ వేస్తాడు. ఇక నీ జోలికి ఎవరూ రాకూడదు. ఊపిరి తీసుకుని, దిక్కులు చూసుకుని, తీరిగ్గా తన్నుకోవచ్చు. ఇదంతా సారు తెచ్చిన రూల్సు కాగితాల్లో ఇంగ్లీషులో ఉండేది. మాలో సగం మందికి అది ఎక్కలేదు. అప్పుడు సారు విజిల్ పక్కకు తోసి మొదలుపెట్టాడు.

"బస్సు వస్తాండాది. నువ్వు కిటికీలోంచి తువ్వాలు ఏసినావు. సీటు ఎవురిది?"

"నాది సార్."

"ఇంకొకడు వచ్చి తువ్వాలు తీసి కూర్సుంటే?"

"తంతాము సార్."

"తన్నేది లేదు. నేను విజిల్ ఏస్తా, వాడు లేసి పోతాడు. అదే మార్కు. తువ్వాలు సీటు మీద నిలబడకుండా కిందికి జారిపోయిందనుకో. అప్పుడు నీది కాదు, వానిది కాదు. ప్లే ఆన్. ఎవురు కూర్సుంటే వాళ్లది."

పుట్టినప్పటి నుంచీ పండగ రద్దీలో బస్సుకు తువ్వాళ్లు వేసి బతికినవాళ్లం. కాగితంలో ఎక్కనిది ఒక్క మాటలో ఎక్కేసింది. మరీ ఎక్కువగా ఎక్కింది. బెంగుళూరు నుంచి వచ్చిన జట్టుతో మొదటి మ్యాచ్‌లో మావాడొకడు చక్కగా మార్కు పట్టి, పట్టినచోటే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. సీటు దొరికాక లేస్తే పోతుందని వాడి భయం. బెంగుళూరు అంపైరు చుట్టూ తిరిగి, లేవమని మూడు భాషల్లో బతిమాలాడు. వాడు లేవలేదు. మా సారు గీత బయట నిలబడి, కొడుకు ఫస్టు క్లాసులో పాసైనట్టు చూస్తున్నాడు.

వీపు మీద చెయ్యి పెట్టి తోయకూడదని ఇంకో రూలు. దానికీ బస్సే. "ఎక్కేటప్పుడు ముందోడి వీపు మీద సెయ్యి పడతాది. అది తోసేదా? కాదు, ఊతం. వాడు తూలితేనే తోసినట్టు." అన్ని ఊర్ల అంపైర్లూ చేతిని చూస్తే ఈయన ముందువాడు తూలడం చూసేవాడు. వేరే జట్లు గోలపెట్టేవి. ఈయన వినేవాడు కాదు.

పుస్తకాలు చదివినవాణ్ని కాబట్టి నేను ఊరుకోలేదు. బంతి చాలినంత సేపు అదుపులో ఉండాలని కాగితంలో ఉంది, ఆ చాలినంత అంటే ఎంత అని అడిగాను. సన్నటి ఈల చాలాసేపు వినిపించింది.

"నేను బంతిని సూడనప్పా," అన్నాడు చివరికి. "పక్కనోడి మొగం సూస్తా. పట్టినోడు ఎట్లాగూ నాదే అంటాడు. పక్కనోడు ఆశ వదిలేసినాడా లేదా, అది సూడాల. వాడు వదిలేసినాడంటే సాలినంత సేపు అయినట్టే."

అప్పుడు నవ్వుకున్నాను. అంపైరు బంతిని చూడడం మానేసి మొహాలు చూస్తాడని ఎక్కడైనా విన్నామా?

ఆయన ఎలాంటివాడో బస్సులోనే ఒకసారి కళ్లారా చూశాను. కుప్పం బస్సుకు మదనపల్లెలో తువ్వాలు వేసి ఎక్కాడు. లోపలికి వెళ్లేసరికి ఆ సీట్లో వి.కోటకు పోయే పట్టు రైతు ఒకాయన కూర్చుని ఉన్నాడు. తువ్వాలు కింద పడి ఉంది. ఆయన కంగారుగా లేచి, "మీదేమో సార్, సూసుకోలేదు," అన్నాడు. సారు వంగి, తువ్వాలు ఎక్కడ పడిందో, సీటుకు ఎంత దూరంలో ఉందో పరిశీలించాడు. ఈల మోగింది. ఆగింది. "సీటు నీదే. తువ్వాలు నిలబడలే. ప్లే ఆన్," అని రెండు చేతులూ కోళ్లను తోలినట్టు ముందుకు ఊపి, కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఆ రైతు పలమనేరు దాకా బతిమాలుతూనే ఉన్నాడు. సీటు దొరికిన మనిషి దోషిలాగా కూర్చున్నాడు, పోగొట్టుకున్న మనిషి హాయిగా నిలబడ్డాడు.

ఇక నా సంగతి. రాష్ట్ర జట్టు ఎంపికకు కుప్పంలో మ్యాచ్ పెట్టారు, మాకూ కుప్పం జట్టుకూ. అంపైరు డ్రిల్లు సారే. ఆట అయిపోవస్తోంది. మేం కొద్దిగా వెనకబడి ఉన్నాం. గోలు ముందు నేను ఒక మార్కు పడితే, తీరిగ్గా తన్నితే, మేం గెలుస్తాం. నేను జట్టులోకి వస్తాను. టమోటా కట్టెలు నన్ను వదిలేస్తాయి.

బంతి నా వైపే వచ్చింది. నేను వీరుడిలాగా ఎగిరానని చెప్పుకోవాలని ఉంది. నిజానికి బంతి మొహానికి తగులుతుందేమోనని పక్కకు దూకాను. అక్కడ కుప్పం ఆటగాడు ఒకడు, పొట్టిగా దిట్టంగా ఉంటాడు, వంగి ఉన్నాడు. నా మోకాలు వాడి వీపు మీద పడింది. వాడు లేచాడు, వాడితోపాటు నేనూ లేచాను. బస్సు టాపు ఎక్కినంత ఎత్తు. అక్కడి నుంచి కుప్పం రైలుకట్ట కనబడింది. అంత ఎత్తులో బంతి దానంతట అదే వచ్చి నా చేతుల్లో పడింది. వెల్లకిలా కిందికొచ్చాను. బంతి ఛాతీ మీదే ఉంది, రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి. నేర్పిన పాఠం ప్రకారం లేచి బాసింపట్టు వేసుకుని కూర్చుని, విజిల్ కోసం చెవులు రిక్కించాను.

"ప్లే ఆన్," అన్నాడు సారు, కోళ్లను తోలుతూ.

కూర్చున్న నా ఒళ్లోంచి ఆ పొట్టివాడు, నిద్రపోయిన బిడ్డ చేతిలోంచి బొమ్మ తీసినట్టు బంతి తీసుకుని పరుగెత్తాడు. మేం ఓడిపోయాం. ఎంపికైనవాళ్ల పేర్లు చదివారు, నా పేరు లేదు. కుప్పంలో పుట్టినవాడు కుప్పం జట్టుకు అంపైరైతే పిల్లికి ఎలుక సాక్ష్యం కాక ఇంకేమవుతుందని ఆయన మొహం మీదే అనేశాను. ఆయనకు కోపం రాలేదు. "నువ్వు కూర్సున్నావప్పా. మార్కు పట్టినోడి మాదిరి కాదు, పట్టినట్టు నమ్మించేవాడి మాదిరి," అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంటుందని తెలుసు. కానీ నేను పట్టాను. ఆ తర్వాత రెండేళ్లు టమోటా కట్టెలు నాటాను, అవీ వంకరగానే. తర్వాత పరీక్ష రాసి పుంగనూరులో ఒక సంఘం ఆఫీసులో గుమాస్తానయ్యాను. బతుకు గడిచిపోయింది, ఆ బంతి మాత్రం కదల్లేదు.

సారు ఎక్కడ కనబడినా అదే మాట ఎత్తేవాణ్ని. మదనపల్లె టీకొట్టు దగ్గర అడిగితే బంతి నా చేతుల్లో ఊగిందన్నాడు. ఎవరిదో పెళ్లిలో భోజనాల దగ్గర అడిగితే, రసం పోయించుకుంటూ, "నీ మోకాలు వాని వీపులో ఉండింది, వాడు తూలినాడు," అన్నాడు. ఇంకోసారి ఆ తన్ను అసలు పదిహేను మీటర్లే లేదన్నాడు. మరోసారి నేను కళ్లు మూసుకుని పట్టానన్నాడు. "కండ్లు మూసుకున్నోడికి సాలినంత సేపు ఎట్లా తెలస్తాది?" ప్రతిసారీ కొత్త కారణమే. నేను ఇంటికి వచ్చి దానికి జవాబు తయారుచేసుకునేవాణ్ని. "సారు మాటలు సారుకు గుర్తుంటాయో లేదో, నీకైతే పంచాంగం మాదిరి ఉండాయి," అనేది మా ఆవిడ. పెళ్లిచూపుల్లో తను కట్టుకున్న చీర రంగు నాకు గుర్తులేదు, తన బాధ అది.

సెల్‌ఫోన్లు వచ్చాక నాకు బలం పెరిగింది. ఆస్ట్రేలియాలో అచ్చం నాలాగే ఒకడు ఇంకొకడి భుజాలెక్కి బంతి పట్టి, వెల్లకిలా పడితే, అక్కడి అంపైరు మార్కు ఇచ్చిన వీడియో దొరికింది. పరుగెత్తుకుంటూ వెళ్లి చూపించాను. సారు ఫోను దూరంగా పట్టుకుని, మళ్లీ దగ్గరికి తెచ్చుకుని చూశాడు. ఈల మోగింది.

"కిందోడి మొగం సూడు," అన్నాడు. "ఆశ వదిలేసినాడు. మార్కే. కుప్పమోడు వదల్లేదు కదప్పా."

ఫోను తిరిగిచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా ఇంకో వీడియో వెతకడం మానలేదు. మాట్లాడుకోవడానికి మా ఇద్దరికీ వేరే విషయం లేదు. ఉండాలని కూడా మేం అనుకోలేదు.

పోయిన వర్షాకాలం ఆయనకు ఊపిరితిత్తులు పాడయ్యాయని తెలిసి కుప్పం వెళ్లాను. తలుపు తీసినప్పుడు సారు భార్య నన్ను వసారాలోనే ఆపింది.

"వాదించేది మానేసినాడు అబ్బయ్యా," అంది మెల్లగా. "నిన్న రసంలో ఉప్పేసేది మర్సిపోయినా. బాగుండాది అన్నాడు. నాకి భయమైతాండాది."

ఆయన మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. విజిల్ మేకుకు వేలాడుతోంది. అయినా ఈల వినబడుతోంది. అది ఆయన ఊపిరి. నన్ను చూసి తల ఊపాడు. ఆమె కాఫీ తెచ్చిపెట్టి వంటింట్లోకి వెళ్లింది. అలవాటు కొద్దీ అదే మాట ఎత్తాను.

"ఏం సార్, మన మార్కు సంగతి ఏం చేసినారు?"

ఆయన దుప్పటి ఛాతీ దాకా లాక్కున్నాడు.

"మార్కేనప్పా," అన్నాడు. "పట్టినావు. ఆ పొద్దు ఇచ్చేసి ఉంటే పొయ్యేది."

ఎన్నాళ్లుగానో ఆ మాట కోసం ఆయన వెంటపడ్డాను. ఎక్కడ, ఎవరి ముందు, ఎలా అంటాడో కూడా ఊహించుకున్నాను. ఆ మాట వచ్చాక ఆయన మొహంలోకి చూశాను. ఆశ వదిలేసిన మొహం ఎలా ఉంటుందో చూడమని నేర్పింది ఆయనే. ఇప్పుడు చూస్తున్నవాణ్ని నేను, ఆ మొహం ఆయనది. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయన అదీ ఒప్పుకుంటాడేమోనని భయమేసింది.

"లేదు సార్. మీరు చెప్పిందే కరెక్టు," అన్నాను. "బంతి ఊగింది."

"ఊగలేదు లే."

"ఊగింది సార్. నా మోకాలు వాడి వీపులో ఉండింది. కండ్లు మూసుకుని ఉంటి. అసలు పదైదు మీటర్లు యాడుండాది?"

అన్నీ ఆయన కారణాలే. దాచిపెట్టుకున్నవన్నీ ఒక్కొక్కటే తీసి ఆయన మంచం మీద పెట్టాను. ఆయన వింటున్నాడు. ఊపిరిలో ఈల హెచ్చింది. ఉన్నట్టుండి మోచేతి మీద లేచాడు.

"పదైదు మీటర్లు ఉండింది. అబద్ధం సెప్పొద్దు. అది నేను ఉత్తినే అంటి."

"మోకాలు సార్?"

"మోకాలు..." ఆగాడు. "మోకాలు ఉండింది. వాడు తూలినాడు. నేను సూసినా." కళ్లలోకి కాస్త వెలుగొచ్చింది. "మరి ఇన్ని దినాలు నా పానం యాల తీస్తివి?"

"బుద్ధి లేక సార్."

"లేదనే సెప్తాండా, ఆ పొద్దు నుంచి." దుప్పటిలోంచి రెండు చేతులూ బయటికి తీసి, ఓపిక లేకపోయినా, కోళ్లను తోలినట్టు ముందుకు ఊపాడు. "ప్లే ఆన్." తర్వాత కాఫీ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, వంటింటి వైపు తిరిగి గొంతు పెంచాడు. "ఇందులో సక్కెర యాడుండాది?"

లోపల గిన్నె చప్పుడు ఆగింది. ఆమె గుమ్మంలోకి వచ్చి, చెంగుతో కళ్లు ఒత్తుకుని, "వేసినా. కలుపుకో," అంది. "వెయ్యలేదు," అన్నాడాయన. అలా వాదించుకుంటున్నప్పుడే లేచి బయటికి వచ్చేశాను.

బస్టాండులో బస్సు రాగానే కిటికీలోంచి తువ్వాలు వేశాను. ఎక్కి చూస్తే సీట్లో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నా తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకుని, ఎవరిదని నా వైపు చూశాడు. అది సీటు మీద నిలబడిందో, జారి కింద పడిందో నేను అడగలేదు. తువ్వాలు తీసుకుని కడ్డీ పట్టుకున్నాను, పలమనేరు దాటినా నిలబడే ఉన్నాను.

ఆ బంతిని నేను పట్టాను. ఇప్పుడు ఆ మాట ఎక్కడ అన్నా కాదనేవాళ్లు లేరు. అందుకే ఎవరితోనూ అనడం లేదు.